తలంటగా మిగిలిన నూనె

ఇప్పుడు కారు సీటు చిరిగిందంటే మీరేం చేస్తారో నాకు తెలుసు. పైన ఓ కవరు తొడిగేసి, చిరుగు చిరుగులాగే కింద ఉంచేసి, కస్టమరు చేతిలో తాళాలు పెట్టేస్తారు. తప్పని అనట్లేదు నాయనా, పొట్ట గడవాలి కదా. కానీ ఒకప్పుడు మేం సీటు విప్పి చూసేవాళ్ళం. అలా విప్పి చూసినందువల్లే ఓ ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. వినాలనుంటే వినండి, లేదంటే ఫోన్లు చూసుకోండి, నాకేం కోపం లేదు. కొంచెం ఉందనుకోండి.

నేనూ మా బావా అమలాపురంలో సీట్ల పని చేసేవాళ్ళం. బావంటే మా అక్క భర్త. పనిలో నాకు గురువు కూడా ఆయనే. తోలు చేత్తో తడిమి ఏ పక్క ఎండ తగిలిందో, ఏ పక్క మనిషి ఆనుకున్నాడో చెప్పేసేవాడు. రంగు కలిపేడంటే పాతదేదో కొత్తదేదో కలిపినవాడికే తెలిసేది కాదు. ఒక్కటే లోపం, నోరు. నోట్లో నువ్వుగింజ నానదు. మా అక్క ఎప్పుడూ అంటుండేది, మీ చేతులకి పెట్టిన దణ్ణం మీ నోటి దగ్గరికొచ్చేసరికి వెనక్కి తీసుకోవాలనిపిస్తుందండీ అని.

తోలు సీట్లు మా వైపు చాలా తక్కువ. అన్నీ రెక్సినే. ఎక్కడో పాత జమీందారీ ఇళ్ళలో విలాయతీ కార్లు ఉండేవి, వాటికి మాత్రం అసలు తోలు. అవి షాపు దాకా వచ్చే స్థితిలో ఉండేవి కావు, మేమే పనిముట్ల సంచీ పట్టుకుని వాళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళం. రెండువేల సంవత్సరం అటూ ఇటూగా అలాంటి పిలుపే ఒకటి వచ్చింది. గోదావరి పాయ అవతల, మామిడికుదురు దాటి లోపలికి వెళ్ళాలి. అప్పటికి వంతెన లేదు. బస్సు దిగి, కార్లని కూడా నది దాటించే పంటు ఎక్కి, అవతల ఒడ్డున ఆటో పట్టుకోవాలి. పంటు మీంచి చూస్తే వంతెన స్తంభాలు నీళ్ళలోంచి పైకి లేచి కనిపించేవి. ఇదిగో అదిగో అంటున్నారు గానీ పూర్తవలేదు.

ఆ ఇంటి అమ్మగారే మాకు ఎదురొచ్చేరు. పెద్ద రైతు కుటుంబం, కొబ్బరితోటలూ వరిచేలూ ఉన్నవాళ్ళు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. మాట మెత్తన. అయ్యగారు అరుగు మీద మంచంలో పడుకుని ఉన్నారు. ముందటి వానాకాలంలో పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ, కుడి కాలూ పడిపోయేయిట. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది.

"ఆయనకి ఒకటే కోరిక బాబూ," అన్నారావిడ కారు షెడ్డు వైపు నడుస్తూ. "జన్మంతా ఈ కారుని పంటు మీద ఎక్కించే గోదావరి దాటేరు. వంతెన తెరిచిన రోజు ఈ కారులోనే దాటాలంటున్నారు. వేరే కారు పెడదామంటే వినట్లేదు. ఉన్న కారులో కూచోబెడితే సీటు కుంగిపోయి ఓ పక్కకి ఒరిగిపోతున్నారు. పడిపోకుండా కూచునేలా చెయ్యాలండి, అంతే."

"ఆయ్, అలాగే చేద్దామండి," అన్నాను.

కారు ముందు సీటు డ్రైవరుది. దాని సంగతి అటుంచండి. వెనక సీటు వెడల్పాటిది, కుడి సగం అయ్యగారిది, ఎడమ సగం అమ్మగారిది. పెళ్ళైన దగ్గర్నించీ అంతేట. పంటు మీద జనం అందరూ దిగి గాలికి నిలబడితే ఈయన మాత్రం కారు దిగేవారు కాదుట. "నేను దిగితే పంటు ఎవరు నడుపుతారు" అనేవారుట. ఆవిడ నవ్వుతూ పక్కనే కూచునేవారుట. ఇదంతా డ్రైవరు మాకు చెప్పేడు. ఆ ఇంట్లో చాలా కాలంగా ఉన్న మనిషి, తెలియనిది లేదు.

వెనక సీటు బయటికి తీసి ఎండలో పెట్టేం. చూద్దుము కదా, ఎడమ సగం ఎండిపోయి సన్నగా బీటలు వారింది. అది మామూలే, తోలుకి వయసొస్తే అలాగే అవుతుంది. కుడి సగం మాత్రం నల్లగా, జిడ్డుగా, వేలు పెడితే దిగబడిపోతోంది. బావ కుట్టు దగ్గర కత్తి మొన ఆనించేడో లేదో, దారం నానిన అటుకుల్లాగ చేతిలోకి వచ్చేసింది. లోపల కొబ్బరిపీచు ముద్ద కట్టుకుపోయింది. బావ వేలు వాసన చూసుకున్నాడు.

"కొబ్బరినూనెరా," అన్నాడు. అని ఊరుకుంటే ఈ కథ లేదు. గొంతు పెంచి, "ఎవరో గానీ ఆ మహానుభావుడికి దణ్ణం పెట్టాలి. గొడ్డు చచ్చి తోలిస్తే ఆ తోల్ని కూడా నూనె పోసి మళ్ళీ చంపేడు. ఇన్నేళ్ళు పట్టించి పట్టించి చీకిపోయేలా చేసేడు," అన్నాడు.

వెనక్కి తిరిగేసరికి అమ్మగారు మజ్జిగ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఆవిడ గ్లాసులు షెడ్డు గట్టు మీద పెట్టి, "తాగండి బాబూ, ఎండగా ఉంది," అని లోపలికి వెళ్ళిపోయేరు. ఆ నడక చూసి డ్రైవరు తల పట్టుకున్నాడు. వాడు చెప్పేకే మాకు తెలిసింది. శనివారం శనివారం అయ్యగారికి తలంటు పొయ్యడం ఆవిడ పనిట. సొంత తోట కాయలు, సొంతంగా ఆడించిన నూనె. మొదట దేవుడి దీపానికి, తరవాత ఆయన తలకి. ఆయన తల ఆనుకున్న చోట సీటు మీద నూనె మరక పడిందిట ఎప్పుడో. ఆ మరక ఒక్కచోటే కనబడకుండా, తలంటగా గిన్నెలో మిగిలిన నూనె తెచ్చి ఆయన సగమంతా రుద్దేరుట. తోలు నిగనిగలాడిందిట. అయ్యగారు మురిసిపోయేరుట. అప్పట్నించీ వారం తప్పలేదు.

చెప్పండి, ఈ తప్పు లోకంలో ఇంకెవరు చేస్తారు? మా కోనసీమలోనే చేస్తారు. మా ఇళ్ళల్లో కొబ్బరినూనె పడనిది ఏముంది? పసిపిల్ల మాడుకీ అదే, తలుపు బందుకీ అదే, దెబ్బకీ అదే, దీపానికీ అదే. ముద్దొచ్చినదానికల్లా నూనె రాస్తాం. ఆవిడకి తోలు గురించి ఎవరు చెప్పేరు గనక?

బావ ముఖం చూడాలి మీరు. "వెళ్ళి కాళ్ళ మీద పడనా?" అన్నాడు. "నువ్వు కదలకు," అన్నాను. ఆయన క్షమాపణ అడగడానికి వెళ్తే ఇంకో నాలుగు మాటలు కలుస్తాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభమేంటి.

మర్నాడు పొద్దున్న మేం పనిలో ఉండగా అయ్యగారు నన్ను రమ్మన్నారని డ్రైవరు వచ్చి చెప్పేడు. ఒక్కణ్ణే రమ్మన్నారు. మంచం పక్కన కింద కూచున్నాను. ఆయన బాగున్న ఎడమ చేత్తో పడిపోయిన కుడి చెయ్యి ఎత్తి చూపించేరు.

"ముట్టుకోలేదు," అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన ఒక్కో మాటా కూడబలుక్కుని చెబుతుంటే మెల్లిగా తెలిసింది. జబ్బు చేసిన దగ్గర్నించీ ఆవిడ రోజూ పొద్దున్నే నూనె గోరువెచ్చగా చేసి ఆ చేతికీ కాలికీ మర్దనా చేస్తున్నారు. ఆ వేళ చెయ్యలేదు. ఎందుకని అడిగితే, "నా నూనె తగిలి తోలే చీకిపోయిందిట. ఇన్నాళ్ళూ మీ చెయ్యి కూడా నేనే పాడు చేస్తున్నానేమో," అన్నారుట. అని వంటింట్లోకి పోయి కూచున్నారుట.

అయ్యగారి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకుందామన్నా ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఉన్నారు.

"నూనె... కాదని చెప్పు," అన్నారు. "ఏదో ఒకటి చెప్పు. సీటు... పోతే పోయింది."

సీటు మీద అంత ఆశ పెట్టుకున్న మనిషి పోతే పోయిందన్నాడు. చేతికి బాగవుతుందని ఆయనకీ నమ్మకం లేదనుకుంటాను. ఆవిడ చెయ్యి తగలాలి, అంతే.

షెడ్డు దగ్గరికొచ్చి బావకి చెప్పేను. ఇద్దరం కలిసి వంటింటి మెట్ల దగ్గరికి వెళ్ళేం. అమ్మగారు కత్తిపీట ముందు కూచున్నారు గానీ కూరగాయేం తరగట్లేదు.

"అమ్మగారూ, నిన్న మా బావ అన్న మాట మనసులో పెట్టుకోకండి," అన్నాను. "ఆయనకి రంగులు కలపడం వచ్చు గానీ తోలు సంగతి తెలీదండి. అది నూనె వల్ల కాదు. వాన వల్లండి."

ఆవిడ తలెత్తేరు. "వానా?"

"తొంభై ఆరు తుఫానులో మీ షెడ్డు కప్పు లేచిపోయి కారు తడిసిందని డ్రైవరు చెప్పేడండి. సముద్రం మీంచి కొట్టిన వాన, ఉప్పు వాన. లోపలికి దిగి దారాన్ని తినేసిందండి. మీరు నూనె రాయబట్టే ఈ మాత్రం ఆగింది."

నేనెప్పుడూ అబద్ధాలాడలేదని కాదు. రేపిస్తాను, ఎల్లుండిస్తాను అన్నవన్నీ అబద్ధాలే కదా. కానీ అంత నిబ్బరంగా ఎప్పుడూ ఆడలేదు. ఆవిడ నన్ను చూసి, నా వెనక ఉన్న బావని చూసేరు.

"అంతేనా బాబూ?" అని బావనే అడిగేరు.

ఆయన జీవితంలో ఎవరి దగ్గరా తోలు తెలీదని ఒప్పుకున్న మనిషి కాదు. ఒకసారి ఓ పెద్ద షాపు యజమాని ఏదో అన్నాడని ఆ షాపు గుమ్మం మళ్ళీ తొక్కలేదు. అలాంటివాడు చేతులు కట్టుకుని, తల వంచుకుని, "ఆయ్. నాకు తెలీదండమ్మా. తెలీక వాగేను," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మేం అన్నాలు తింటుండగా అరుగు మీంచి వెచ్చచేసిన కొబ్బరినూనె వాసన వచ్చింది. బావ ఆ వాసన పీల్చి, చేతిలో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. సాయంత్రం పంటు మీద మాత్రం నా వైపు చూడలేదు. ఒడ్డు దగ్గరికొచ్చేక అన్నాడు, "నాకు తోలు తెలీదని ఎవడన్నా అంటాడా అనుకున్నాను. ఆఖరికి నువ్వే అన్నావురా." అని నవ్వేడు. నాకు నవ్వు రాలేదు.

పని గురించి ఎక్కువ చెప్పను, మీకు విసుగు. తోలు ఊడదీసి, లోపలి వైపు సుద్దపొడి పరిచి, పైన గుడ్డ వేసి బరువు పెట్టేం. సుద్ద నూనె పీల్చుకుని పసుపుగా అయ్యేది, దులిపేసి మళ్ళీ కొత్తది పరిచేవాళ్ళం. ఆవిడ కంట పడకుండా ఆ సుద్ద ఎక్కడ పారబొయ్యాలో మాకు పెద్ద సమస్య. బావ సంచిలో పోసుకుని తీసుకెళ్ళి గోదాట్లో కలిపేవాడు. చీకిన చోట వెనక నుంచి గుడ్డ అంటించేం, కొత్త పీచు కూరేం, సూదిలాంటి ఆరెతో బెజ్జాలు పొడిచి నైలాను దారంతో కుట్టేం. అయ్యగారు ఒరిగే పక్కన లోపల కొంచెం ఎత్తు పెట్టి దిండులా చేసేం. ఎడమ సగం బీటలు కూడా పూడ్చి రెండింటికీ ఒకటే రంగు వేసేడు బావ. నా చేతుల మీదుగా, ఆయన చేతుల మీదుగా అంత మంచి పని అంతకు ముందు జరగలేదు, తరవాతా జరగలేదు. ఎందుకంత పట్టుగా చేసేమంటే, ఆవిడ నూనె తాలూకు జాడ ఎక్కడా మిగలకూడదని.

బిగించేక అయ్యగారిని కుర్చీలో మోసుకొచ్చి షెడ్డులోనే కారులో కూచోబెట్టేం. ఒరగలేదు. నిటారుగా కూచున్నారు. ఎడమ చేత్తో పక్క సగం తట్టేరు. అమ్మగారు సిగ్గుపడుతూ, మా అందరి ముందూ, చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కి కూచున్నారు. కారు కదలడం లేదు, ఎదురుగా గోడ, గోడకి ఆనించి కొబ్బరికాయల రాశి.

"పంటు... కదిలిందా?" అన్నారు అయ్యగారు.

"ఆయ్, కదిలిందండి," అన్నారావిడ.

మేం బయటికి వచ్చేసేం. డ్రైవరు కళ్ళు తుడుచుకుంటూ టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగున్నాడు. ఆ కాసేపే అయ్యగారు చేసిన ప్రయాణం. వంతెన మీద బళ్ళు తిరగడం మొదలవకముందే పోయేరు.

పెద్దకార్యం అయ్యేక పలకరించడానికి వెళ్ళేను. బావ రానన్నాడు. ఆ గుమ్మంలో నా నోటిని నేను నమ్మలేనురా అన్నాడు. అమ్మగారు అరుగు మీద ఆయన మంచం ఉండే చోటికి కాస్త ఎడంగా కూచున్నారు. కాసేపు ఏవేవో మాట్లాడేం. తరవాత ఆవిడే అన్నారు.

"శనివారం వస్తే ఏం చెయ్యాలో తోచట్లేదు బాబూ. పొద్దున్నే లేచి నూనె వెచ్చచేసేస్తున్నాను. చేసేక గుర్తొస్తోంది."

ఆవిడ కారు షెడ్డు వైపు చూసేరు.

"ఆ సీటుకి రాసుకోనా?" అన్నారు. "పాడవదు కదా?"

అమ్మా వద్దు, సుద్దపొడితో లాగి లాగి తీసేం, మళ్ళీ రాస్తే ఈసారి ఎవరూ బాగుచెయ్యలేరు అనాలి. పనివాడిగా అనాల్సింది అదే. నోటిదాకా కూడా వచ్చింది. ఆవిడ నా ముఖం చూస్తూనే ఉన్నారు.

"వానకి సీటంతా తడిసింది కదా బాబూ," అన్నారు మెల్లగా. "మరి నా పక్క ఎందుకు చీకలేదో నాకు అర్థం కాలేదు."

తలెత్తలేకపోయేను. ఎన్నాళ్ళనించి తెలుసో ఆవిడకి. ఆ వంటింటి మెట్ల మీదే తెలిసిపోయి ఉంటుంది. తెలిసే ఆ మధ్యాహ్నం నూనె వెచ్చచేసేరు. మేమిద్దరం ఆవిడ కోసం అబద్ధం ఆడేమనుకున్నాం గానీ, ఆయన కోసం ఆవిడ దాన్ని నమ్మినట్టు ఉండిపోయేరు.

"రాసుకోండమ్మా," అన్నాను. "తోలేముందండి, తోలు దొరుకుతుంది. మీ పక్క కూడా కాస్త రాసుకోండి, మళ్ళీ ఎండిపోతుంది."

"నాదెందుకులే," అన్నారు.

తరవాత చాలా ఏళ్ళు ఆ ఊరు వెళ్ళలేదు. వంతెన వచ్చింది. పంట్లు పోయేయి. బస్సులో వంతెన మీద వెళ్తున్నప్పుడల్లా నాకెందుకో ముఖం కిటికీ వైపు తిప్పుకోవాలనిపించేది. బావ పోయేడు. మా అక్క ఏడుస్తూ, ఆ నోరు వినపడక ఇల్లు బావురుమంటోందిరా అంది. నేను షాపు మూసేసి ఇంటి దగ్గరే చిన్నచిన్న పనులు చేస్తుండేవాణ్ణి.

అప్పుడొచ్చింది ఆ కారు, నా ఇంటి ముందుకి. పాత కార్లంటే సరదా ఉన్న ఓ కుర్రాయన రావులపాలెం వైపునించి ట్రాలీ మీద ఎక్కించి తెచ్చేడు. అమ్మగారు కాలం చేసేరని, ఇల్లూ సామానూ ఎవరికివాళ్ళు పంచేసుకుని కారు అమ్మేసేరని చెప్పేడు. వెనక తలుపు తీసేడు. తియ్యగానే వాసన.

కుడి సగం నల్లగా, మెత్తగా, వేలు పెడితే దిగబడేలా అయిపోయి ఉంది. నేను వేసిన నైలాను దారం మాత్రం ఉంది, అది పట్టుకోవడానికి తోలు లేదు. ఎడమ సగం ఎండిపోయి, బీటలు విడిపోయి, పెచ్చులు లేచిపోయింది. చెప్పినా వినలేదు ఆవిడ. ఒక్క చుక్క కూడా తన పక్క రాసుకోలేదు.

"ఇదెలా పాడైందండీ ఇలాగ?" అన్నాడు ఆ కుర్రాయన.

"వానకండి," అన్నాను. "తొంభై ఆరు తుఫానుకి తడిసింది."

"కొబ్బరినూనె వాసనొస్తోంది కదండీ?"

"మా వైపు వాన అలాగే ఉంటుందండి."

ఆయన నన్నో రకంగా చూసి, పెద్దవాణ్ణి కదాని ఊరుకున్నాడు. తోలు మొత్తం తీసేసి రెక్సిను వేసెయ్యమన్నాడు, పాతది అక్కర్లేదన్నాడు. ఒప్పుకున్నాను. పని పనే. ఆయన వెళ్ళేక సీటు బయటికి తీసి వాకిట్లో పెట్టుకుని దాని ముందు కూచున్నాను. ఏడుపొచ్చింది. వయసొచ్చేక దీనికి అడ్డేముంది, వచ్చినప్పుడు రానిస్తాను.

మా ఆవిడని పిలిచి కొబ్బరినూనె గిన్నె తెమ్మన్నాను. తలకా అంది. కాదన్నాను. ఎవరన్నా తోలు పనివాడు చూస్తే నన్ను వెలేస్తాడు. ఎలాగూ సాయంత్రానికి చింపి పారెయ్యాల్సిన తోలే. అయినా అరచేతిలో నూనె పోసుకుని ఎడమ సగానికి రాసేను, మూలమూలలా, ఆవిడ కూచునే చోటంతా. రాస్తుంటే పీల్చేసుకుంటోంది. ఎంత పోసినా చాలట్లేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా రాసేను.